‘ఐ సపోజ్ టు గో’ అని రాస్తే ఆఫీసంతా ఎందుకు నవ్వింది?

పాలమూరు_పోరడు
హైదరాబాద్‌లో ఒక చిన్న ఆఫీసులో డేటా పని చేస్తున్న. ఊరు దేవరకద్ర దగ్గర, పదో తరగతి దాకా తెలుగు మీడియం. వచ్చే శుక్రవారం మా చెల్లె నిశ్చితార్థం. టీమ్ లీడ్ మేడంకు మెయిల్ పెట్టిన: ‘ఐ సపోజ్ టు గో టు మై విలేజ్ ఆన్ ఫ్రైడే.’ ఆమె దాన్ని అందరికీ వినపడేటట్టు చదివి, ‘పోవాలా, పోతున్నవా, పోతానేమోనని అనుకుంటున్నవా? ఏదో ఒకటి చెప్పు’ అన్నది. పక్క సీట్ల వాళ్ళు ఒకటే నవ్వు. డిక్షనరీలో చూస్తే సపోజ్ అంటే ‘అనుకొను’ అని ఉంది. ఊరికి పోవాలనుకుంటున్నా అనే కదా నేను రాసింది? తప్పెక్కడ పడ్డదో ఎవరన్నా చెప్పండి. లీవ్ ఇంకా పెండింగ్‌లోనే ఉంది.

సాగర్_గేటు_26
ముందు లీవ్ సంగతి తేల్చుకో తమ్మీ. గ్రామర్ ఎటూ పారిపోదు.

జడ్చర్ల_జంక్షన్
రెండు ముక్కలు రాలిపోయినయి. ముందు ‘యామ్’, వెనక ‘డ్’. ‘ఐ యామ్ సపోజ్డ్ టు గో.’ అంతే.

పాలమూరు_పోరడు
ఆ ‘డ్’ ఎవరూ పలకరు కదా అన్నా. నవ్విన మేడం కూడా ‘సపోస్టు’ అనే అంటది.

జడ్చర్ల_జంక్షన్
పలకరు, నిజమే. ‘డ్’ పక్కనే ‘ట్’ వస్తే రెండూ అతుక్కుపోతయి. ‘యూజ్డ్ టు’ కూడా నోట్లో ‘యూస్టు’ అయితది కదా, ఇది కూడా అంతే. ఇంగ్లీషు సొంత భాష అయినోళ్ళు కూడా ‘సపోజ్ టు’ అని రాసి దొరికిపోతుంటరు. చెవిని నమ్మి రాయకు. పలికేటప్పుడు మింగు, రాసేటప్పుడు కక్కు.

అచ్చంపేట_అడవి
‘మింగు, కక్కు’. అన్నం తింటూ చదివిన, ధన్యవాదాలు.

దేవరకొండ_మాస్టర్
ముక్కలు రాలిన మాట సరే. అవి ఎందుకు కావాలో చెప్పకపోతే ఈ అబ్బాయి మళ్ళీ వారం మళ్ళీ రాల్చుకుంటాడు.

అసలు చిక్కు మన ‘అనుకొను’ దగ్గరుంది. అది ఒక్కతే నాలుగిళ్ళ చాకిరీ చేస్తుంది. ‘వాడు మంచోడనుకున్న’ అంటే ఇంగ్లీషులో థాట్. ‘రేపు పోదామనుకుంటున్న’ అంటే ప్లానింగ్. ‘టీచర్ కావాలనుకుంది’ అంటే వాంటెడ్. ‘బస్సు రాలేదనుకో, ఏం చేస్తం?’ అంటేనే సపోజ్. డిక్షనరీ ఈ నాలుగింట్లో ఒక ఇంటి తలుపు మాత్రమే చూపించింది, నువ్వు వేరే ఇంటి సామాను తెచ్చి ఆ ఇంట్లో దించావు. నీ మనసులో ఉన్నది ‘పోవాలనుకుంటున్న’ అయితే ‘ఐ వాంట్ టు గో’ అని రాయాలి.

కానీ నీ మనసులో ఉన్నది అది కూడా కాదు. చెల్లె నిశ్చితార్థం. నువ్వు పోవాలనుకోవడం, అనుకోకపోవడం అక్కడ లెక్కలోకి రాదు. అన్న వస్తాడని ఇంట్లో వాళ్ళు, వచ్చేవాళ్ళు అందరూ అనుకుంటున్నారు. ‘ఐ యామ్ సపోజ్డ్’ అంటే అనుకునేది నేను కాదు, నా గురించి నలుగురూ అనుకుంటున్నారు అని. ‘యామ్’, ‘డ్’ చేసే పని ఇదే. రాకపోతే ‘ఏమయ్యా, రాలేదేం’ అని నిన్ను అడుగుతారు చూడు, ఆ అడగడం మొత్తం ఆ రెండు ముక్కల్లో ఉంది. ‘మస్ట్’ అంటే మెడ మీద కత్తి. ‘సపోజ్డ్ టు’లో అంత బలవంతం లేదు, ఎగ్గొట్టడానికి సందు ఉంటుంది, కానీ ఎగ్గొడితే మాట పడాలి.

ఇక జరగని దానికి ‘వాజ్ సపోజ్డ్ టు’. దీనికి మన నల్లగొండ, పాలమూరు మాటలో అచ్చమైన జోడీ ఉంది: ‘రావాల్సుండె’. ‘హీ వాజ్ సపోజ్డ్ టు కమ్ యెస్టర్డే’ – నిన్న రావాల్సుండె. రాలేదని విడిగా చెప్పక్కర్లేదు, ఇద్దరికీ అర్థమవుతుంది. నోటికి ‘ఆల్సుండె’ వచ్చిందంటే చేతికి ‘వాజ్ సపోజ్డ్ టు’ రావాలి. ముప్పై ఏళ్ళు ఇట్లనే చెప్పిన, పిల్లలకు వచ్చింది.

అమీర్‌పేట_బ్యాచ్
సార్ ఏమనుకోకండి, ఇట్ల తెలుగులోంచి తిప్పుకుంట పోతే జన్మలో ఇంగ్లీష్ రాదు. ఇంగ్లీష్‌లోనే ఆలోచించాలి. మా స్పోకెన్ ఇంగ్లీష్ సార్ మొదటి రోజే చెప్పిండు.

దేవరకొండ_మాస్టర్
ఆ సంగతి మీకు ఏ భాషలో చెప్పాడు?

అమీర్‌పేట_బ్యాచ్
…తెలుగులోనే.

సాగర్_గేటు_26
నీళ్ళు ఎక్కువైనయి, గేటు దించుండ్రి.

అమీర్‌పేట_బ్యాచ్
నవ్వితే నవ్వండి గానీ నా మాట పూర్తిగా కొట్టెయ్యకండి. ఈ తమ్ముడు తెలుగు ‘అనుకొను’ పట్టుకుని పోయినందుకే కదా పడ్డడు? అదే తాడు పట్టుకుని పైకి రమ్మంటున్నరు సార్.

దేవరకొండ_మాస్టర్
తాడు అది కాదు బాబూ. అతను పట్టుకున్నది డిక్షనరీ తెలుగు. నేను ఇస్తున్నది ఇంట్లో మాట్లాడే తెలుగు.

మిర్యాలగూడ_టీచరమ్మ
మాస్టర్ గారు సగమే చెప్పారు. ‘సపోజ్డ్ టు’ అన్న చోటల్లా ‘ఆలి’, ‘ఆల్సుండె’ పెడతానంటే పిల్లలు ఇంకో గోతిలో పడతారు. మా క్లాసులో ఒకసారి పాలమూరు పెద్ద మర్రిచెట్టు మీద ఇచ్చాను: ‘పిల్లలమర్రి ఈజ్ సపోజ్డ్ టు బి సెవెన్ హండ్రెడ్ ఇయర్స్ ఓల్డ్.’ ఒక పిల్ల ‘పిల్లలమర్రికి 700 ఏళ్ళు ఉండవలెను’ అని రాసింది. చెట్టుకు ఆర్డర్ వేసినట్టు! ఇక్కడ దానికి సరిపోయే తెలుగు రెండక్షరాలు: ‘అంట’. పిల్లలమర్రికి 700 ఏళ్ళంట. నేను లెక్కపెట్టలేదు, జనం అంటారు. ఆ కొత్త హోటల్‌లో బిర్యానీ బాగుంటదంట – ‘ద బిర్యానీ దేర్ ఈజ్ సపోజ్డ్ టు బి గుడ్’. తినకముందు ఇట్ల అంటాం. తిన్నాక ఈ మాట వాడితే బాగా లేదని అర్థం, గొంతులో విరుపు వస్తుంది.

కొన్నిసార్లు రెండూ కుదురుతాయి. సాగర్ నిండి నీళ్ళు 590 అడుగుల దాకా వచ్చాయి అనుకోండి. ‘ద గేట్స్ ఆర్ సపోజ్డ్ టు ఓపెన్ టుడే’ అంటే ఈ రోజు ఎత్తాలి అనీ అర్థమే, ఎత్తుతారంట అనీ అర్థమే. ఇంజనీరు అంటే మొదటిది, టీ కొట్టు దగ్గర మనం అంటే రెండోది.

సాగర్_గేటు_26
నన్ను అడగకుండా ఎత్తరు.

పిల్లలమర్రి_నీడ
టీచరమ్మా, మా చెట్టు వయసు మీద అనుమానమా? 2018లో చెదలు పట్టి ఆ చెట్టుకు సెలైన్ సీసాలు కట్టి మందు ఎక్కించిన్రు. ఏడొందల ఏళ్ళ ముసలి కాకపోతే సెలైన్ ఎందుకు?

మిర్యాలగూడ_టీచరమ్మ
అనుమానం నాది కాదు నాయనా, వ్యాకరణానిది.

జడ్చర్ల_జంక్షన్
‘అంట’ సంగతి నాకు ఎన్నడూ తట్టలేదు. ఇన్నేళ్ళు ‘సపోజ్డ్ టు బి గుడ్’ అంటే ‘బాగుండాలి’ అనే చదువుకుంట వచ్చిన. పైన ‘అంతే’ అని కొట్టిపారేసిన కదా, ఆ మాట వాపస్.

అచ్చంపేట_అడవి
‘కాదు’, ‘వద్దు’ పెట్టేటప్పుడు ఇంకో గుంత ఉంది, నేను పడ్డ. ఆదివారం పనికి రమ్మంటడేమోనని మా సూపర్‌వైజర్‌ను అడిగిన, ‘అవసరం లేదు’ అన్నడు. ఇంకో మేనేజర్ ఫోన్ చేసి ఎందుకు రాలేదంటే, స్టయిల్‌గా ‘ఐ యామ్ నాట్ సపోజ్డ్ టు వర్క్ ఆన్ సండే’ అన్న. ఆయన ‘రావద్దని ఎవరు చెప్పిన్రు? పేరు చెప్పు’ అని పట్టుకున్నడు. రావాల్సిన అవసరం లేదంటే ‘ఐ డోంట్ హావ్ టు’. ‘నాట్ సపోజ్డ్ టు’ అంటే రాకూడదు, రావద్దు. మా దిక్కు శ్రీశైలం రోడ్డు మీద రాత్రి తొమ్మిది దాటితే అడవిలోకి బండ్లను వదలరు. ‘యు ఆర్ నాట్ సపోజ్డ్ టు డ్రైవ్ త్రూ ద ఫారెస్ట్ ఆఫ్టర్ నైన్.’ పోవాల్సిన అవసరం లేదని కాదు, పోతే మన్ననూర్ దగ్గర గేటు ఆపుతది.

పాలమూరు_పోరడు
ఒక్క లీవ్ మెయిల్ కోసం అడిగిన, ఇప్పుడు భయమైతుంది.

సూర్యాపేట_బైపాస్
భయమా? నా కథ విను. వీడియో ఇంటర్వ్యూ. అంతా బాగా పోయింది. చివర్లో ‘పుణెకు మారగలవా’ అని అడిగిండు. నేను ‘యస్’ కంటే గొప్పగా ఉంటదని ‘ఐ సపోజ్ సో’ అన్న. ఆయన మొఖం చిన్నగైంది. మళ్ళీ ఫోన్ రాలేదు. తర్వాత మా బావ చెప్పిండు, అది ‘సరేలే, ఏం చేస్తం’ అనే సరే అంట. పిల్ల నచ్చిందా అని అడిగితే ‘ఆ… పర్లేదు’ అన్నట్టు.

మిర్యాలగూడ_టీచరమ్మ
మీ బావ సరిగ్గా చెప్పాడు. కాదు అనేటప్పుడు కూడా ‘ఐ సపోజ్ నాట్’ అంటే గట్టిగా కాదనడం కాదు, ‘కాదేమోలే’.

గద్వాల్_అంచు
నేను ఆన్‌లైన్‌లో చీరలు అమ్ముత. గద్వాల చీర, కాటన్ ఒళ్ళు, పట్టు అంచు. బయటి దేశం నుంచి ఒకామె మెసేజ్ పెట్టింది: ‘ఐ డోంట్ సపోజ్ యు హావ్ దిస్ ఇన్ గ్రీన్?’ నా దగ్గర పచ్చ రంగు ఉండదని ఆమె తీర్మానం చేసిందని నాకు కోపమొచ్చింది. ‘వి హావ్ ఆల్ కలర్స్ మేడం, ప్లీజ్ డోంట్ సపోజ్’ అని కొట్టిన. ఆమె మళ్ళీ కనపడలేదు. నిజంగా మూడు పచ్చ చీరలు బీరువాలో ఉండె.

సూర్యాపేట_బైపాస్
‘ప్లీజ్ డోంట్ సపోజ్’. అక్కా, దీన్ని టీషర్ట్ మీద అచ్చు వేయించాలి.

మిర్యాలగూడ_టీచరమ్మ
అయ్యో తల్లీ. అది మర్యాదగా అడగడం. ‘పచ్చలో ఉండదేమో గానీ… ఉందా అమ్మా?’ అన్నట్టు. లేదంటే మనం చిన్నబుచ్చుకోకుండా ముందే దారి ఇచ్చి అడుగుతారు. మన పెద్దవాళ్ళు అప్పు అడిగేటప్పుడు ‘నీ దగ్గర మాత్రం ఎక్కడుంటయిలే’ అని మొదలుపెట్టరూ?

ఇంకో చిన్న సంగతి. ‘వాడు రాడనుకుంటా’ అనేదానికి ఇంగ్లీషు వాళ్ళు ‘కాదు’ను ముందుకు లాగుతారు: ‘ఐ డోంట్ సపోజ్ హీ విల్ కమ్.’ వింతగా ఉందని పిల్లలు అంటారు. వింతేం లేదు, ‘వాడు వస్తాడనుకోను’ అని మనం అనట్లేదా? అదే ఇది.

గద్వాల్_అంచు
అప్పు ఉదాహరణ కడుపులో తగిలింది టీచరమ్మా. ఇప్పుడు అర్థమైంది. ఆమె మెసేజ్ వెతికి సారీ చెప్త.

వనపర్తి_లెక్కలు
నేను క్లాసులో గంటకు యాభైసార్లు సపోజ్ అంటా, ఎన్నడూ ఎవరూ నవ్వలేదు. లెక్కల్లో అది బుద్ధిమంతుడు. రూట్ రెండు కరణీయ సంఖ్య, అంటే భిన్నంగా రాయరాని సంఖ్య అని పదో తరగతిలో ఎట్ల చూపిస్తం? అకరణీయమే అనుకుందాం అని మొదలుపెడతం. పి బై క్యూ అని రాసి, రెండింటికీ ఒకటి తప్ప ఉమ్మడి కారణాంకం లేదు అని పెట్టుకుంటం. లెక్క చేసుకుంట పోతే చివరికి పి, క్యూ రెండూ రెండుతో తెగుతయి. అంటే మొదట అనుకున్నదే తప్పు. నేను నమ్మినందుకు అనుకోలేదు, పడగొట్టడానికే కాసేపు నిలబెట్టిన. పదం పుట్టుక కూడా అదే అంటరు: లాటిన్‌లో ‘కింద పెట్టు’ అనే మాట నుంచి ఫ్రెంచి మీదుగా వచ్చింది. మాట కింద వేసే పీట అనుకోండి.

నాకున్న తిప్పలు కాలాలతోటి. ‘రేపు వాన పడిందనుకో’ అంటం. చూడండి, రేపు, కానీ ‘పడింది’! మన భాషలో అది మామూలు. దాన్నే పిల్లలు ‘సపోజ్ ఇట్ రెయిన్డ్ టుమారో’ అని దించుతరు. తప్పని కొట్టెయ్యలేను, కానీ రంగు మారుతది: వాన ఎక్కడొస్తదిలే, ఒకవేళ వస్తే, అని. మామూలుగా అనాలంటే ‘సపోజ్ ఇట్ రెయిన్స్ టుమారో’. అయిపోయిన పంటకాలం గురించి అయితే ‘సపోజ్ ఇట్ హ్యాడ్ రెయిన్డ్’ – అప్పుడు పడి ఉంటేనా అని.

జడ్చర్ల_జంక్షన్
రెయిన్స్ అన్నా రెయిన్డ్ అన్నా వినేటోడికి తేడా ఏం తెలుస్తది సార్? చాదస్తం కాకపోతే.

వనపర్తి_లెక్కలు
‘సపోజ్ ఐ గివ్ యు లక్ష రూపాయలు’ అంటే నువ్వు చేయి చాపుతవు. ‘సపోజ్ ఐ గేవ్ యు’ అంటే కథ చెప్తున్నడని కూర్చుంటవు. తేడా చేతికి తెలుస్తది.

అచ్చంపేట_అడవి
పాలమూరులో వాన గురించి అయితే ఏడాది పొడుగునా ‘రెయిన్డ్’ అనడమే కరెక్టు.

పిల్లలమర్రి_నీడ
సార్, మీరు క్లాసులో ‘ఫర్ సపోజ్’ అంటరా అనరా? నిజం చెప్పండి.

వనపర్తి_లెక్కలు
…అంటాను. ‘ఫర్ ఎగ్జాంపుల్’, ‘సపోజ్’ రెండూ ఒకేసారి నోటికి వచ్చి గుద్దుకున్నప్పుడు. పిల్లలు లెక్క పెట్టి డెస్కు మీద గీతలు గీసేవాళ్ళని తర్వాత తెలిసింది.

సూర్యాపేట_బైపాస్
మా నాయనమ్మ బడి మొఖం చూడలేదు. ‘సపోజు మల్ల నువ్వు రాలేవనుకో’ అంటది. సపోజు, అనుకో, రెండూ ఒకే మాటలో. డబుల్ లాక్.

దేవరకొండ_మాస్టర్
ఆమెది తప్పు కాదు. ‘ఒకవేళ’ ఉండాల్సిన చోట ‘సపోజు’ను పెట్టుకుంది. అది ఇప్పుడు తెలుగు మాటే. దాన్ని ‘ఫర్ సపోజ్’ చేసి ఇంగ్లీషులోకి వాపస్ పంపితేనే గొడవ.

కలెక్టరేట్_గుమాస్తా
ఇదంతా చదివినంక అడుగుతున్న, ‘సపోజ్’ బదులు ‘అజ్యూమ్’ వాడేస్తే పీడ పోదా? మా ఆఫీసులో కొత్త సారు వస్తే ‘అజ్యూమ్డ్ ఛార్జ్ ఇన్ ద ఫోర్‌నూన్’ అని ఎన్ని కాగితాలు టైపు కొట్టిన్నో. అక్కడ అనుకోవడం ఏం లేదు, కుర్చీలో కూర్చోవడమే.

మిర్యాలగూడ_టీచరమ్మ
పీడ పోదు, ఇంకోటి చుట్టుకుంటుంది. అజ్యూమ్ అంటే తీసుకోవడం. బాధ్యత తీసుకుంటే ఛార్జ్. రుజువు లేకుండా ఒక సంగతిని నిజంగా తీసుకుంటే అనుకోవడం. ‘ఐ అజ్యూమ్‌డ్ యు హ్యాడ్ ఈటెన్’ – తినే ఉంటావు అనుకుని గిన్నె కడిగేసిన. అందులో అడగలేదన్న తప్పు ఉంటుంది. సపోజ్‌లో అంత గట్టితనం లేదు. పైగా ‘ఐ యామ్ అజ్యూమ్‌డ్ టు గో’ అని రాస్తే ఈ అబ్బాయిని మేడం ఇంకో రౌండు చదువుతుంది.

నల్లగొండ_నల్లకోటు
మూడోది మర్చిపోయిన్రు, ‘ప్రిజ్యూమ్’. మా కోర్టు బువ్వ అదే. 1872 నాటి ఎవిడెన్స్ యాక్ట్‌లో ‘మే ప్రిజ్యూమ్’, ‘షల్ ప్రిజ్యూమ్’ అని రెండు వేర్వేరుగా రాసిపెట్టిన్రు. 2024 జులై 1 నుంచి దాని జాగాలో భారతీయ సాక్ష్య అధినియమ్ వచ్చింది, ఆ రెండు మాటలు అట్లనే ఉన్నయి. ‘మే’ అంటే జడ్జి నిజమనుకోవచ్చు, లేదా రుజువు తెమ్మనొచ్చు. ‘షల్’ అంటే అవతలోడు అబద్ధమని తేల్చేదాకా నిజమని అనుకుని తీరాలి.

మనిషి జాడ తెలియాల్సినోళ్ళకు ఏడేళ్ళు తెలియకపోతే, బతికే ఉన్నడని చూపించే భారం ఆ మాట అన్నోడి మీద పడుతది, చూపించకపోతే చనిపోయిండనే అనుకుంటరు. మా జిల్లాల నుంచి పనికి పోయి తిరిగి రానోళ్ళ కాగితాలు వచ్చినప్పుడు ఇదే చదువుత. ఒక అవ్వ కొడుకు పోయి ఏడేళ్ళు దాటినా పిటిషన్ మీద వేలిముద్ర వెయ్యలేదు. ‘నువ్వు అనుకో బిడ్డా, నేను అనుకోను’ అన్నది. ఫైలు అట్లనే ఉంది.

గద్వాల్_అంచు
…

అమీర్‌పేట_బ్యాచ్
అన్నా, ఇది చదివినంక గ్రామర్ గురించి ఏం రాయాలో తెలుస్తలేదు.

కలెక్టరేట్_గుమాస్తా
అవ్వకు పింఛనన్నా వస్తుందా? రాకపోతే నాకు మెసేజ్ పెట్టు వకీల్ సాబ్.

నల్లగొండ_నల్లకోటు
వస్తుంది. అడిగినందుకు సంతోషం.

పాలమూరు_పోరడు
నేను మళ్ళీ వచ్చిన. కొత్త మెయిల్ ఇట్ల రాసిన, పంపే ముందు చూడండి: ‘మై సిస్టర్స్ ఎంగేజ్‌మెంట్ ఈజ్ ఆన్ ఫ్రైడే అండ్ ఐ యామ్ సపోజ్డ్ టు బి దేర్. మే ఐ టేక్ లీవ్?’

మిర్యాలగూడ_టీచరమ్మ
బాగుంది. ఒక్క మాట: ‘సపోజ్డ్ టు బి దేర్’ అంటే ‘రావాలని అంటున్నరు’ అన్నంత మెత్తగా ఉంటుంది. లీవ్ కావాలనుకుంటే ‘ఐ హావ్ టు బి దేర్’ అని గట్టిగా రాయి.

దేవరకొండ_మాస్టర్
నేను ఒప్పుకోను. ఇన్ని పోస్టులు దేని మీద రాశాం? ‘సపోజ్డ్ టు’ ఉంచు. మర్యాద కూడా ఉంటుంది.

జడ్చర్ల_జంక్షన్
టీచరమ్మ మాటే విను. సర్వర్ డౌన్ అయితే ‘ఎగ్గొట్టడానికి సందు ఉంది’ అని నిన్నే ఆపుతరు. ఆ సందు సంగతి మాస్టర్ గారే పైన రాసిన్రు.

దేవరకొండ_మాస్టర్
నా వలలో నేనే పడ్డాను. సరే, ‘హావ్ టు’.

పాలమూరు_పోరడు
‘హావ్ టు’ పెట్టి పంపిన. పది నిమిషాల్లో జవాబు వచ్చింది. ఒకటే లైను: ‘ఐ సపోజ్ సో.’ ఇది లీవ్ ఇచ్చినట్టా, ఇవ్వనట్టా?

సూర్యాపేట_బైపాస్
నా ఇంటర్వ్యూ పాపం ఆమెకు తగిలింది.

మిర్యాలగూడ_టీచరమ్మ
ఇచ్చినట్టే. మనసు లేకుండా ఇచ్చినట్టు. ‘థాంక్యూ’ అని ఒక్క ముక్క కొట్టి, ఇంకేం అడగకు.

సాగర్_గేటు_26
మనసు మార్చుకోకముందే బస్సెక్కు తమ్మీ.

పాలమూరు_పోరడు
శుక్రవారం పొద్దుగాల, బస్సులకెల్లి రాస్తున్న. షాద్‌నగర్ దాటిన. ఊర్ల మామయ్య ఫోన్ చేసి ‘నిన్ననే రావాల్సుండె కదరా’ అన్నడు. నవ్వాగలేదు, ఎందుకు నవ్వుతున్నవని తిట్టిండు.

కోస్గి_కొత్తోడు
థ్రెడ్ మొత్తం చదివే టైం లేదు. సపోజ్ తర్వాత ‘టు’ పెట్టాలా వద్దా, ఒక్క మాటలో చెప్పండి ప్లీజ్. ఫర్ సపోజ్ ‘ఐ సపోజ్ టు జాయిన్’ కరెక్టేనా?

అచ్చంపేట_అడవి
పైకి పోయి చదువు తమ్మీ. పైకి అంటే ఈ పేజీ పైకే.